ఒళ్లో పడుకునేవాడు

మూడు లోకాలనూ గడగడలాడించే హిరణ్యకశిపుడి వేషం నాది. గద భుజాన వేసుకుని నేను ఒక్క అరుపు అరిస్తే ముందు వరుసలో పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లు. అలాంటి నేను భయపడ్డాను. దాచుకోవడం దేనికి? నవ్వేవాళ్లు నవ్వుకోండి, కానీ ముందు నా మాట పూర్తిగా వినండి.

ప్రహ్లాద నాటకంలో తెల్లవారే వేళకు స్తంభం పగులుతుంది. నరసింహస్వామి వేషగాడు కొయ్య ముఖం కట్టుకుని, వేళ్లకు రేకు గోళ్లు కట్టుకుని బయటికి దూకుతాడు. ఆ ముఖం ఉత్త కొయ్య కాదు. ఏడాది పొడుగునా పూజలో ఉండేది. కట్టుకున్నవాడికి ఒక్కోసారి స్వామి పూనుతాడు. అందుకే నడుముకు మోకులు కట్టి, నలుగురు బలమైన రైతులు వెనక్కి లాగి పట్టుకుంటారు. హిరణ్యకశిపుడు ఆయన ఒళ్లో వెల్లకిలా పడుకోవాలి. అంటే నేను పడుకోవాలి.

నాలుగేళ్ల కిందట ఆ ఒళ్లో పడుకున్నవాడు పిచ్చయ్య. స్వామి వేషం మాలకొండయ్యది. ఆ రోజుల్లో పొదిలి నుంచి గిద్దలూరు దాకా మాలకొండయ్య పేరు చెబితే జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఆ తెల్లవారుజామున ఆయన రేకు గోళ్లు పిచ్చయ్య కుడి భుజం మీద దిగి రొమ్ము దాకా చీల్చుకుంటూ వచ్చాయి. మోకులు పట్టిన నలుగురినీ ఆయన నేల మీద ఈడ్చుకుపోయాడు. పిచ్చయ్య బతికాడు గానీ ఆ చెయ్యి మళ్లీ భుజం పైకి లేవలేదు.

మా మేళంలో ఒక ఆచారం ఉంది. నాటకం ముగిశాక హారతికి ముందు ఒళ్లో పడుకున్నవాడిని అడుగుతారు, స్వామి వచ్చాడా అని. అంత దగ్గర నుంచి చూసేది వాడొక్కడే గదా. ఆ రోజు నెత్తురు కారుతుండగానే పిచ్చయ్య వచ్చినాడని చెప్పాడు. దాంతో అందరి నోళ్లూ మూతపడ్డాయి. పోలీసులు కూడా వచ్చి, విని, దేవుడి మీద కేసు ఏం కడతామని వెళ్లిపోయారు. మాలకొండయ్య మాత్రం ముఖం విప్పి పెట్టి, పెళ్లాం మల్లమ్మను తీసుకుని కంభం వెళ్లిపోయాడు. ఆ మల్లమ్మ ఎవరో కాదు, పిచ్చయ్య చెల్లెలే.

ఆ తర్వాత స్వామి వేషం సుబ్బయ్యకిచ్చారు, హిరణ్యకశిపుడు నాకొచ్చాడు. సుబ్బయ్య మంచివాడు, నా పాలిట మరీ మంచివాడు. ఆయన ఒళ్లో పడుకుంటే పరుపు మీద పడుకున్నట్టుండేది. పొట్ట మీది నుంచి ఎర్రగుడ్డ పేగులు లాగేటప్పుడు "నొస్తాందా మామా" అని అడిగేవాడు. నాకు హాయిగానే ఉండేది, జనానికే లేదు. మార్కాపురంలో టాకీ సినిమా డేరా వేసిన ఏడు మా ఆట చూసే దిక్కు లేకుండా పోయింది. స్తంభంలోంచి సుబ్బయ్య బయటికొస్తే పిల్లలు కిసుక్కున నవ్వారు.

మేళం పోషకుడు ఉమామహేశ్వర్లు శెట్టి. మార్కాపురంలో పెద్ద దుకాణం. వేషాలూ ముఖమూ ఆయన ఇంట్లోనే ఉంటాయి. ఆయన దుకాణం అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి విషయం తేల్చేశాడు.

"చైత్రంలో తిరునాళ్లకు మనమే ఆడాల. మాలకొండయ్యను పిలవకుంటే మేళం కట్టిపెట్టుకోవాల్సిందే. ఏమంటారు?"

అందరూ పిచ్చయ్య వైపు చూశారు. వద్దంటాడని నేను కొండంత ఆశ పెట్టుకున్నాను. పిచ్చయ్య కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"రానీండి" అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దెబ్బ తిన్నవాడే రమ్మంటుంటే తినబోయేవాడి మాట ఎవరు వింటారు? అయినా గొంతు సవరించుకున్నాను.

"పిలుస్తే పిలిచినారు, ఆ రేకు గోళ్లు మాత్రం తీసేద్దాం శెట్టిగారూ."

"గోళ్లు లేని నరసింహస్వామి ఏందయ్యా, పిల్లి అనుకుంటారు" అన్నాడాయన. అంతా నవ్వారు. పైగా పిలిచే పని కూడా నా మీదే పడింది. హిరణ్యకశిపుడు పిలిస్తే స్వామి రాకుండా ఉంటాడా అని వాళ్ల పరాచికం. తద్దినం కొని తెచ్చుకోవడమంటే ఇదే.

ఇంట్లో నా పెళ్లాం శ్రీశైలమ్మ విని చేతిలో చేట కింద పెట్టేసింది.

"వద్దని చెప్పే నోరు లేకపాయనా నీకు? వీధిలో అంత లావు అరుస్తావు గదా."

"అరిచేది వేషం. నేను కాదు."

"మరి చీరితే చీరేది వేషాన్నా, నిన్నా?"

మర్నాడు రైలెక్కి కంభంలో దిగాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. రానని ఆయనే అంటే బాగుండు. పిలిచినట్టూ ఉండాలి, రాకుండానూ ఉండాలి.

చెరువు కింద పసుపు తవ్వుతున్నాడు మాలకొండయ్య. మనిషి చిక్కాడు. చేతులు మాత్రం అవే చేతులు. నా కళ్లు ముందు వాటి మీదికే పోయాయి. మల్లమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, ఊళ్లో వాళ్ల అన్న ఎట్ల ఉన్నాడని అడిగింది. బాగున్నాడని చెప్పాను. చేతి సంగతి అడగలేదు, నేను చెప్పలేదు. ఆమె అటు వెళ్లాక వచ్చిన పని చెప్పాను.

"బావ ఒప్పుకున్నాడా?" అన్నాడు మాలకొండయ్య.

"ఆయనే రమ్మన్నాడు. నీకు ఇబ్బందయితే రావాకు అన్నా. నేను చెప్తాలే, ఒంట్లో బాగలేదని."

ఆయన నా మాట విన్నట్టే లేదు. నన్ను ఎగాదిగా చూశాడు.

"రామసుబ్బయ్యా, నీకూ నాకూ ఏమన్నా తగాదా ఉందా?"

"మనకేం తగాదా అన్నా?"

"బాగా ఆలోచించు. నీళ్ల కాడ గానీ, గెనెం గట్టు కాడ గానీ, ఎప్పుడన్నా ఒక మాట."

"లేదు. ఏమీ లేదు."

"అయితే వస్తా."

ఎందుకలా అడిగాడో అర్థం కాలేదు. కాసేపటికి ఆయనే పార పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని చెప్పాడు.

"ఆ నాటకానికి ముందే మోటబావి కాడ బావకూ నాకూ మాటామాటా పెరిగింది. నీళ్ల వంతు గురించి. చంపుతానని కూడా అన్నా. ఎవరికీ తెలీదు. ఊరంతా స్వామి వచ్చినాడంటది. పూనకం వచ్చినోడికి ఏమీ గుర్తుండదంటారు గదా. నాకు కొంచెం గుర్తుంది. గోళ్లు దిగినప్పుడు చేతికి తగిలింది గుర్తుంది. అది చేసింది స్వామా, నేనా? నాలుగేండ్లుగా నాకు ఇదే. పగ లేని మనిషి ఒళ్లో ఉంటే తేలిపోతది. స్వామి వస్తే ఆ రోజూ వచ్చినట్టే, నాకు పాపం లేదు."

"రాకపోతే?"

ఆయన పార తీసుకుని మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు.

తిరుగు రైల్లో కూర్చున్నాక గానీ ఆ మాటలు నాకు పూర్తిగా బుర్రకెక్కలేదు. మాలకొండయ్యకు పాపం లేదని తేలాలంటే స్వామి రావాలి. స్వామి వస్తే చీలేది నా రొమ్ము. నేను బాగుండాలంటే స్వామి రాకూడదు. రాకపోతే ఆయన తెలివిలో ఉండి బావను చీల్చిన మనిషి అవుతాడు. ఆయన అక్కడ కంభంలో కూర్చుని స్వామీ రా అని మొక్కుకుంటాడు. నేనిక్కడ రావద్దు తండ్రీ అని మొక్కుకోవాలి. మార్కాపురం చెన్నకేశవుడికి అడ్డదిడ్డమైన మొక్కులు చాలానే వచ్చి ఉంటాయి గానీ ఇలాంటిది వచ్చి ఉండదు.

అప్పటి నుంచి జొన్నన్నం గొంతు దిగలేదు. ఎవరన్నా వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడేవాణ్ని. మోకులు పట్టే నలుగురినీ నేనే ఏరుకున్నాను. బండరాళ్లు ఎత్తేవాళ్లనే ఏరుకున్నాను. ఏం జరిగినా వదలొద్దని వాళ్ల చేత తల్లుల మీద ఒట్టు వేయించుకున్నాను. శ్రీశైలమ్మ గోనెసంచి మడతలు పెట్టి నా రొమ్ముకు సరిపడా కుట్టింది. కుడుతూ తిడుతూనే ఉంది, మధ్యలో కళ్లు తుడుచుకుంది.

తిరునాళ్లకు జనం ఇసకేస్తే రాలకుండా వచ్చారు. టాకీ డేరావాడు ఆ రాత్రి ఆట కట్టేసి తనే వచ్చి మా ముందు కూర్చున్నాడు. పాటలయ్యాయి, పద్యాలయ్యాయి. తూరుపు తెల్లబడుతుండగా స్తంభం ముందుకొచ్చాను. వెదురు తడికెకు కాగితం అంటించిన స్తంభం. దాని వెనక మాలకొండయ్య ఉన్నాడు. ముందురోజు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆయన ఊపిరి నాకు వినబడుతోంది.

ఆ స్తంభాన్ని కొట్టాల్సింది నేనే. ఇంకెవరో కొడితే పోనీ అనుకోవచ్చు. గద ఎత్తాను, చెయ్యి దిగలేదు. మద్దెలవాడు రెండుసార్లు వాయించి నా వైపు చూశాడు. జనమంతా ఊపిరి బిగబట్టారు. అదంతా నా నటన అనుకున్నారు పాపం. వాళ్లలో పిచ్చయ్య కనిపించాడు. ఆయన పక్కన మల్లమ్మ కూర్చుని ఉంది. నేను కళ్లు మూసుకుని కొట్టాను.

స్తంభం పగిలింది. ఆ గర్జనకు ఆడవాళ్లు ఇద్దరు విరుచుకు పడిపోయారు. మోకులు పట్టినవాళ్లు మడమలు నేలలో గుచ్చి వెనక్కి వాలుతున్నారు. వచ్చాడు, స్వామి వచ్చాడు, ఇక నా పని అయిపోయింది అనుకున్నాను. నన్ను ఎత్తి ఒళ్లో పడేసుకున్నాడు. రేకు గోళ్లు నా రొమ్ము మీద ఆనాయి. నేను అరిచిన అరుపు వేషం అరుపు కాదు. అమ్మా అని అరిచాను. హిరణ్యకశిపుడు అమ్మా అనడు.

గోళ్లు అక్కడే ఆగాయి. కళ్లు తెరిచాను. ముఖం వెనక కళ్లు నన్నే చూస్తున్నాయి. తడిసి ఉన్నాయి.

"రాలేదు రామసుబ్బయ్యా" అన్నాడు మెల్లగా, నాకొక్కడికే వినబడేట్టు.

బతికానని సంతోషించాలి కదా. ఆ సంతోషం రెండు ఊపిర్లు కూడా నిలవలేదు. అయితే ఆ రోజు పిచ్చయ్యను చీల్చింది ఈ మనిషే. తెలివిలో ఉండే చీల్చాడు. నేనిప్పుడు ఈ మనిషి ఒళ్లోనే ఉన్నాను. స్వామికి భయపడ్డ దానికన్నా ఎక్కువ భయం వేసింది. ఆయన ఎర్రగుడ్డను ఎంతో జాగ్రత్తగా, గోరు నాకు తగలకుండా లాగి మెడలో వేసుకున్నాడు. జనం గోవిందా అని చేతులెత్తారు.

హారతి పళ్లెం పట్టుకుని ఉమామహేశ్వర్లు వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చెప్పు రామసుబ్బయ్యా. స్వామి వచ్చినాడా?"

రాలేదంటే నాలుగేళ్ల కిందటి మాట పైకి లేస్తుంది. వచ్చాడంటే మాలకొండయ్య మేళంలో ఉండిపోతాడు, ఏటేటా నేను ఆయన ఒళ్లో పడుకోవాలి. ఎటూ పాలుపోక నిలబడ్డాను. ఈలోగా మాలకొండయ్యే ముఖం విప్పి పీట మీద పెట్టాడు.

"రాలేదు శెట్టిగారూ. ఆ రోజూ రాలేదు. చేసింది నేనే."

కర్పూరం మండుతూనే ఉంది. ఎవరూ హారతి కళ్లకద్దుకోలేదు. మల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిచ్చయ్య లేచి మెల్లగా ముందుకొచ్చాడు.

"ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. కండ్లలోకి చూసినోణ్ని, నాకు తెలీదా?"

"మరి వచ్చినాడని ఎందుకు చెప్పినావు బావా?" అన్నాడు మాలకొండయ్య.

"చెప్పకుంటే నిన్ను జైలుకు తీసకపోరా? నా చెల్లెలు ఏం కావాల? నేను అంత చేసినా దాన్ని తీసకొని ఊరు ఇడిసి పోతివి. నాలుగేండ్ల తర్వాత ఈ రాత్రే దాని ముఖం చూసినా."

ఉమామహేశ్వర్లు పళ్లెం కింద పెట్టి నుదురు రుద్దుకున్నాడు. వ్యాపారస్తుడు కదా, అసలు సంగతి మరిచిపోడు. "ఇప్పుడు ఇతన్ని ఉంచుకోవాల్నా, పంపించాల్నా?" అని పిచ్చయ్యనే అడిగాడు.

"ఉంచుకోండి" అన్నాడు పిచ్చయ్య. "వచ్చే ఏటికి హిరణ్యకశిపుడు నేను కడతా. గద ఎడమ చేత్తో పట్టుకుంటా."

మాలకొండయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ వేషం నా నెత్తి మీది నుంచి దిగిపోయినందుకు నేను కొబ్బరికాయలు కొట్టాల్సింది. కానీ జనం కాస్త పలచబడ్డాక పిచ్చయ్యను పక్కకు తీసుకుపోయాను.

"నీకు భయం లేదా పిచ్చయ్యా? ఆ ఒళ్లో ఎట్ల పడుకుంటావు?"

పిచ్చయ్య కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఎందుకు లేదు? నాలుగేండ్లుగా కన్ను మూస్తే ఆ ఒళ్లోనే పడుకొని ఉంటన్నా. ఒక్కసారన్నా మెలకువలో పడుకుంటే, ఆ ఒళ్లోంచి ప్రాణాలతో లేచి రావచ్చేమోనని" అని, చెల్లెలు పిలుస్తుంటే అటు వెళ్లాడు.