నాచు మొగ్గ

మొగ్గ మీది నాచును వేలితో పక్కకు తోసి, అతను సన్నటి పట్టుకారుతో మొదటి రేకు లాగాడు. జిగురు అప్పుడే బొటనవేలికి పట్టేసింది. దానిది దేవదారు చెక్క వాసన.

పాతకాలపు గులాబీ అది. కాడ నుంచి మొగ్గ కొస దాకా పచ్చటి నాచు పట్టినట్టుండే జాతి. ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. దానికి అడవి గులాబీ పసుపు రంగు తేవాలని, నర్సరీ పని ముగించుకొచ్చి ఈ పెరట్లోనే సగం జీవితం గడిపేశాడు. గింజలు మొలవలేదు, మొలిచినవి బూజు పట్టాయి, బతికినవి పాత రంగే పూశాయి. ఈ మొక్క ఒక్కటే, తొలిసారి, ఒకే ఒక్క మొగ్గ తొడిగింది. చీలినచోట పసుపు గీత.

విచ్చుకుంటే తన పుప్పొడి తనకే అంటుకుంటుంది. అందుకని రేకులన్నీ పీకి, కేసరాలు కత్తిరించి, వేరే గులాబీ పుప్పొడిని కుంచెతో అద్ది, కాగితం సంచి తొడిగి దారం కట్టాడు.

లోపల భార్య దిండ్లకు ఆనుకుని కూర్చుంది. గుండె జబ్బు మనిషి. పెరటి మెట్లు దిగి చాలాకాలమైంది.

"పూసిందా? తెచ్చి చూపిస్తానన్నావుగా."

"గింజ కోసం వాడేశానే. వచ్చే ఏడు విరగబూస్తుంది, చూద్దువులే."

ఆమె అతని ఖాళీ చేతులకేసి చూసి నవ్వింది. "అయితే అప్పటిదాకా నాకూ ఓ కాగితం సంచి తొడిగి కట్టెయ్."

అతనూ నవ్వాడు. రేకులైనా తెచ్చి చూపిద్దామనుకున్నాడు. పనికి ఆలస్యమవుతోందని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నర్సరీలో బెరడు చీల్చి, కన్ను దూర్చి, నార చుడుతూ గులాబీ అంట్లు కడుతూ కూర్చున్నాడు. ఎవరెవరి ఇళ్ళ ముందో పూయాల్సిన మొక్కలు. మధ్యాహ్నం, పక్క వీధిలో ఉండే మరదలు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"బావా, అక్క పలకట్లేదు."

అతను కత్తి మడిచాడు. మడిచాక కూడా దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

సాయంత్రం, వచ్చినవాళ్ళు పలచబడ్డాక, పెరట్లోకి వెళ్ళి మట్టిలోంచి రేకులు ఏరాడు. అంచులు నల్లబడి ముడుచుకుపోయాయి. ఏ రంగువో చెప్పలేకుండా ఉన్నాయి. పిడికిట్లో పట్టుకుని లోపలికొచ్చి, ఆమె పక్కన నిలబడిపోయాడు.

"నిన్న నాచేత తోమించి పెట్టించుకుంది బావా," అంది మరదలు కిటికీ వైపు చూపిస్తూ. "కాడ మునిగేన్ని నీళ్ళు చాలంది."

కిటికీ గట్టు మీద, మంచం మీంచి చూస్తే కనబడేచోట, ఒక గాజు గ్లాసు, అందులో సగానికి తేటనీళ్ళు.