బటన్ మీద బొటనవేలు

అరకు బజారులో సింహాచలం కొట్టుకు ఫల్గుణ కత్తెర కోసం వెళ్లాడు. మిరియాల పాదులు కత్తిరించే కత్తెర. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక జత బొమ్మ వాకీటాకీలతో వచ్చాడు. పసుపురంగు ప్లాస్టిక్కు, పైన పొట్టి ఏరియల్, పక్కన ఎర్ర బటన్.

"పిల్లలవేనా ఇవి?" అని కొట్లో అడిగితే సింహాచలం నవ్వాడు. "పిల్లలవే బాబూ. గాని పొద్దున్నుంచి నేనూ మా తమ్ముడూ ఆడతన్నాం. ఒకడు కొట్లో, ఒకడు గొడౌన్లో."

ఫల్గుణకు ముప్పై దాటాయి. జామిపుట్టు పైన కొండవాలులో అతనికి కాఫీ తోట ఉంది. కూతురు మాధవికి ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు అతను ఆవుల వెంట తిరిగాడే కానీ బొమ్మ అన్నది చేత పట్టి ఎరగడు. ఇంటికొచ్చాక ఆ బొమ్మను ముందు విప్పింది అతనే, బ్యాటరీలు వేసింది అతనే. వంటపాక వెనక్కి వెళ్లి, "హలో, హలో, మాధవి గారా? ఇక్కడ ఫల్గుణ, ఓవర్" అన్నదీ అతనే. భార్య గంగ అన్నం వారుస్తూ, "దానికి కొన్నావా, నీకు కొన్నావా?" అంది.

వాళ్లు ఆడే ఆట దాగుడుమూతలే. దాక్కున్నవాళ్లు బొమ్మలోంచి ఆనవాళ్లు చెబుతుండాలి, వెతికేవాళ్లు పోల్చుకోవాలి. గుసగుసగానే మాట్లాడాలి. చివర ఓవర్ అనాలి. తోట చివరి కాఫీ వరుస దాటకూడదు. ఈ నియమాలన్నీ ఫల్గుణ పెట్టినవే. అయితే కిందటి ఆదివారం ఓడిపోతానని పంతం పుట్టి ఆ చివరి వరుస దాటింది కూడా అతనే. పైన అడవి మొదలయ్యేచోట రెండు బండల మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది, దాని ముందు ఒక చెదపుట్ట. అందులో దూరి కూర్చున్నాడు. మాధవి ఎంత వెతికినా దొరకలేదు. చివరికి ఏడుపు ముఖం పెడితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ సందు చూపించాడు. "దొంగాట!" అని అతని వీపు మీద గుద్ది, తనూ ఒకసారి అందులో దూరి చూసి నవ్వింది.

ఈ ఆదివారం పొద్దున్న గంగ తోట మధ్యలో కాఫీ పండు కోస్తోంది. మాధవి దాక్కోవడానికి పైకి పరిగెత్తింది. ఫల్గుణ కింద షెడ్డు గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. కళ్లు తెరిచేసరికి కొండ మీదినుంచి మంచు దిగి తోటను కమ్మేసింది. నీడకు వేసిన సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"మాధవీ, దాక్కున్నావా? ఓవర్."

బొమ్మ గరగరమంది. ఆ వెంటనే గుసగుస. "దాక్కున్నాను. నా దగ్గర కాఫీ మొక్కల్లేవు. ఓవర్."

ఫల్గుణ నవ్వుకున్నాడు. చివరి వరుస దాటేసిందన్నమాట. ఎక్కడుందో తెలిసిపోయింది. కానీ వెంటనే పట్టేసుకుంటే ఆటేముంది? కాఫీ పండు తొక్క తీసే పల్పింగ్ మెషిన్ పక్కనున్న డ్రమ్ము మీద కూర్చుని, "షెడ్డు ఎనకాల సూసాను, లేవు. ఇంకో ఆనవాలు సెప్పు, ఓవర్" అన్నాడు.

కాసేపటికి మాధవి పలికింది. "నాన్నా, ఇక్కడెవులో సైకిల్ పంపు కొడతన్నారు. ఓవర్."

"సైకిల్ పంపా?" అని ఫల్గుణ తనలో తనే అనుకుంటుండగానే మాధవి మళ్లీ పలికింది.

"బుస్సు, బుస్సుమని. రాయి ముందర పుట్ట లేదూ, అక్కడ. మంచులో నాకు అగుపడ్డం లేదు. ఓవర్."

ఫల్గుణ డ్రమ్ము మీదినుంచి లేచాడు. ఆ కొండ మీదికి సైకిలు ఎక్కదు. ఆ చప్పుడు అతనికి తెలుసు. ఆవులు కాసే రోజుల్లో ఒకసారి కొండ కింద పారే గెడ్డ అవతలి నుంచి విన్నాడు, మళ్లీ వినకూడదని ఊరుదేవతకు మొక్కుకున్నాడు. ఎలుగుబంటి పుట్టను గోళ్లతో చీల్చి, కన్నంలో మూతి పెట్టి మట్టి ఊది పారేసి, చెదలను పీల్చుకుంటుంది. పీల్చినప్పుడల్లా, ఊదినప్పుడల్లా అదే చప్పుడు.

అతని బొటనవేలు బటన్ మీదికి పోయింది. సగం నొక్కి ఆగిపోయింది.

ఈ బటన్ నొక్కితే మాధవి చేతిలోని బొమ్మ ముందు కుయ్‌మంటుంది. తర్వాతే మాట. గొంతు తగ్గించే మీట దానికి లేదు. ఇంట్లో ఆ కూతకు గంగ ఎన్నోసార్లు తిట్టింది. ఇప్పుడది కుయ్‌మంటే పుట్టలో మూతి పెట్టిన ఎలుగుకు ఆ చప్పుడు చెవి పక్కనే వినిపిస్తుంది. ఉలిక్కిపడ్డ ఎలుగు పారిపోదు, ఎదురుగా ఏది ఉంటే దాని మీద పడుతుంది. పోయినేడు పక్కూరి యర్రమ్మను అలాగే పట్టింది. ఆమె బతికింది గానీ ముఖం మిగల్లేదు.

ఫల్గుణ వేలు తీసేశాడు. బొమ్మను అరచేత్తో గట్టిగా మూసి పట్టుకుని పైకి నడిచాడు. పరిగెత్తాలని కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఎండుటాకులు చప్పుడవుతాయని పరిగెత్తలేదు.

తోట మధ్యలో గంగ బకెట్టులోకి పండు దూస్తోంది. అతని ముఖం చూసి, "ఏటయ్యింది?" అంది.

"మన గుంట మాధవి బండల సందులో ఉంది. పుట్ట కాడ ఎలుగుంది."

గంగ నోరు తెరిచింది. "మా..." అన్న అరుపు బయటికి రాకముందే ఫల్గుణ ఆమె నోరు మూశాడు. ఆమె అతని చెయ్యి కొరికింది. అయినా వదల్లేదు.

"అరవకు. దానికి ఎలుగు సంగతి తెల్దు. తెలిస్తే బయటికి పరిగెడతాది. కింద నుంచి మనం కేకలేస్తే ఎలుగు పైకెక్కుతాది, గుంట ఉన్న ఏపుకే. నాను కుడేపు నుంచి సుట్టు తిరిగి బండల పైకెల్తాను. పైనుంచి అదిలిస్తాను. నువ్వు కుడిపక్క కంచె కాడ నిలబడు. నా గొంతు ఇనపడగానే బకెట్టు వాయించు. దానికి ఎడమేపు దారి ఒదిలేద్దాం, గెడ్డలోకి దిగిపోద్ది."

గంగ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. బకెట్టులోని పండంతా నేల మీద కుమ్మరించి, ఖాళీ బకెట్టు చేతికి తగిలించుకుంది. "బేగి ఎల్లు" అంది, అంతే.

కుడివైపు వాలు నిలువుగా ఉంది. ఫల్గుణ వేళ్లు మట్టిలో గుచ్చి, మొక్కల మొదళ్లు పట్టుకుని ఎక్కుతున్నాడు. మంచులో చెయ్యి చాచినంత దూరమే కనిపిస్తోంది. చొక్కా లోపల, ఛాతీకి ఆనించుకున్న బొమ్మలోంచి, గుడ్డ కింద అణగిన కూత వెనకే, మాధవి గుసగుస వచ్చింది.

"నాన్నా, ఆనవాలు సెప్పినా కనిపెట్టలేకపోతన్నావా? ఓవర్."

అతను పళ్లు బిగించి ఎక్కాడు.

"నాన్నా, పలకవేటి? ఆకరి వరుస దాటేసానని కోపమా? నువ్వూ దాటేవు కదా మొన్న. ఓవర్."

కోపం లేదు తల్లీ అని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. చెప్పడానికి ఒక్క వేలు కదిలిస్తే చాలు. ఆ వేలునే అతను ఒక వేరు చుట్టూ బిగించి పైకి లాక్కున్నాడు. కాలి కింద రాయి జారింది. దొర్లకుండా మడమతో అదిమిపట్టి, ఊపిరి బిగబట్టి విన్నాడు. ఎడమపక్క, కింద, మంచులోంచి ఆ చప్పుడు ఇప్పుడు బొమ్మతో పనిలేకుండానే వినిపిస్తోంది. బుస్సు... బుస్సు... మట్టి గీకిన చప్పుడు.

ఇంకొంచెం పైకి. బండల వీపు చేతికి తగిలింది.

"నాన్నా." ఈసారి గుసగుసలో ఏడుపు జీర ఉంది. "నువ్వు ఇంటికెలిపోయావా? నాకు సలేత్తంది. ఈ ఆట నాకొద్దు. నాను బయటికొచ్చేత్తన్నాను."

ఓవర్ అనలేదు.

ఫల్గుణకు ఇంక ఆలోచించే వ్యవధి లేదు. ఆ పిల్ల సందులోంచి అడుగు బయట పెడితే పుట్ట ఎదురుగానే నిలబడుతుంది. అతను బటన్ నొక్కాడు.

కింద బండల మధ్య బొమ్మ కుయ్‌మంది. అంత దూరం నుంచీ అతనికి వినిపించింది.

"మాధవీ, నాను దగ్గరికొచ్చేసాను." ప్రతి ఆదివారం మాట్లాడినట్టే మాట్లాడాడు. "కదిలేవంటే ఓడిపోయినట్టే. కాళ్లు దగ్గరికి లాక్కుని ఎనక్కి జరుగు. బటన్ నొక్కి పట్టుకో. నానొచ్చి ఒదలమనీదాకా ఒదలకు. మాటాడకు. ఓవర్."

బటన్ వదిలాడు. ఆమె నొక్కి పట్టుకున్నంతసేపూ, తన వేలు పొరపాటున తగిలినా ఆ బొమ్మ కుయ్యనదు, అక్కడి చప్పుడు తనకు వినిపిస్తుంది. అదొక్కటే అతని ఆశ.

బొమ్మలోంచి పిల్ల ఊపిరి వినిపించింది. నొక్కి పట్టుకుంది.

పంపు చప్పుడు మాత్రం ఆగిపోయింది.

కొండంతా నిశ్శబ్దమైపోయింది. తర్వాత బొమ్మలోంచి ఇంకో ఊపిరి వచ్చింది. పిల్లది కాదు. తడిగా, బరువుగా, దేన్నో వాసన పడుతున్న ముక్కు. అది దగ్గరైంది. మాధవి ఊపిరి బిగబట్టింది.

ఫల్గుణ బండ మీదికి దూకి నిలబడి, కడుపులోంచి కేక పెట్టాడు. ఏమని అరుస్తున్నాడో అతనికే తెలియదు. చేతికందిన ఎండుకొమ్మతో రాతిని బాదుతూ, నాలుక మీద ఏ మాట ఉంటే ఆ మాట. "ఓవర్! ఓవర్! ఓయ్! ఓవర్!"

మంచు కాస్త పలచబడ్డ చోట నల్లటి వీపొకటి తిరిగింది. ఎలుగు రెండు కాళ్ల మీద లేచింది. ఎర్రమట్టి అంటిన మూతి, ఛాతీ మీద తెల్లటి వంపు. అతన్ని చూసింది. మళ్లీ నాలుగు కాళ్ల మీదికి దిగి బండ వైపు ఉరికింది. వెనక్కి పరిగెత్తితే అది పైకి వస్తుంది, పైకి వస్తే సందు పక్కనుంచే రావాలి. అందుకని ఫల్గుణ కదల్లేదు. కొమ్మ విరిగిపోతే చేత్తోనే రాతిని బాదాడు. అరుపు ఆపలేదు.

అప్పుడు కుడివైపు నుంచి బకెట్టు మోగింది. గంగ కంచె దగ్గరే నిలబడలేదు. వాయిస్తూ, తిడుతూ మంచులోంచి పైకి వచ్చేస్తోంది. "నీ కడుపు కాల! పో! పో!"

ఎలుగు ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. ఒక్కసారి బుస్సుమని, ఎడమవైపు తిరిగి తుప్పల్లో పడింది. కొమ్మలు విరిగిన చప్పుడు, రాళ్లు దొర్లిన చప్పుడు కిందికి, ఇంకా కిందికి, గెడ్డ దాకా వెళ్లిపోయాయి.

ఫల్గుణ బండ మీదినుంచి జారి సందు ముందు పడ్డాడు. మాధవి లోపల మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది. రెండు చేతులతో బొమ్మను పట్టుకుంది. బొటనవేళ్లు రెండూ బటన్ మీద ఉన్నాయి, గోళ్లు తెల్లబడిపోయాయి.

"అమ్మా, అయిపోయింది. ఒదిలెయ్."

కళ్లు తెరవకుండానే అడిగింది. "ఒదిలెయ్యొచ్చా?"

"ఒదిలెయ్యొచ్చు."

వదల్లేకపోయింది. అతనే ఒక్కొక్క వేలూ తీశాడు. అప్పుడు ఏడ్చింది.

గంగ వచ్చి పిల్లను లాక్కుని తలా, చేతులూ, కాళ్లూ తడిమి చూసింది. ఒక్క గాటు కూడా లేదు. కూతుర్ని చంకనెత్తుకుని మొగుడి వైపు తిరిగింది. "ఈ సోటు దీనికి ఎవులు సూపించారు?"

ఫల్గుణ అరచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. "నానే" అన్నాడు.

ఆమె ముందు నడిచింది. పారబోసిన పండు పక్కనుంచే నడిచి వెళ్లినా వంగి తీయలేదు. ఆ సాయంత్రం రెండు బొమ్మలనూ గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. పారేస్తుందేమో అనుకున్నాడు ఫల్గుణ. పారేసినా అడిగేవాడు కాదు.

పొద్దు గూకాక ఫల్గుణ చేతికి పసుపు పెట్టి కట్టు కట్టుకుని అరుగు మీద కూర్చుంటే మాధవి వచ్చి పక్కన చేరింది. ఊళ్లో వాళ్లంతా వచ్చి అడిగి వెళ్లారు కాబట్టి ఆమెకు సంగతంతా తెలిసిపోయింది. కానీ ఆమె మనసులో ఉన్నది ఎలుగు కాదు.

"నానన్నిసార్లు పిలిసాను. ఒక్కపాలి కూడా పలకలేదు నువ్వు."

"పలికితే నీ బొమ్మ కూస్తాది. అది ఇంటాది. అందుకే పలకలేదమ్మా."

మాధవి ఆలోచించింది. "మరి నాకేటి తెలుస్తాది? ఒదిలేసి ఎలిపోయావనుకున్నాను."

"ఒదిలేసి ఎలిపోను."

"నీకు భయమేసిందా?"

"ఏసింది."

"నాకంటేనా?"

"నీకంటే సాలా ఎక్కువ. నువ్వు పంపనుకున్నావు కదా. నాకు తెలుసు అదేటో."

ఆ జవాబు ఆమెకు సరిపోయినట్టుంది. అతని చేతి కట్టు విప్పి చూసి, మళ్లీ సరిగ్గా చుట్టింది.

మర్నాటి నుంచి తోటకు ఎవరూ ఒంటరిగా వెళ్లలేదు. వెళ్లేవాళ్లు గట్టిగా మాట్లాడుకుంటూ, మధ్యలో కేకలేసుకుంటూ వెళ్లారు. పండు కోత అయిపోయే దాకా గంగ అటక వైపు చూడలేదు. ఫల్గుణ అడగలేదు. మాధవి మాత్రం రోజూ అడిగింది.

కళ్లంలో కాఫీ ఎండబెట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం గంగ బొమ్మలు దించి, గుడ్డ విప్పి, ఇద్దరి ముందూ పెట్టింది. "కళ్లంలోనే. మంచు లేనప్పుడే. నాను కూకున్న కాడ నుంచి ఇద్దరూ నాకు అగుపడాల" అంది.

"అగుపడితే దాగుడుమూతలు ఎలాగాడతామే అమ్మా?" అంది మాధవి.

"నాకు అగుపడండి. మీలో మీరు దాక్కోండి."

ఫల్గుణ బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు బటన్ మీద పెట్టి, నొక్కకుండానే తీసేశాడు. గంగ అది చూసింది. చేట పక్కన పెట్టి లేచి, అతని చేతిలోంచి బొమ్మ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీన్ని ఎటేపు పట్టుకుని మాటాడాలి?" అని కూతుర్ని అడిగింది.