నాలుగో కెమెరా

సన్నటి పొగ లేచింది. టంకం తన ముక్కు పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, ఎర్రతీగ బోర్డుకు అతుక్కునేదాకా వేలు కదపలేదు.

అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని అక్క ఒక్కతే వాడుతుంది, అదీ కోపం వచ్చినప్పుడు. మిగతా వీధికంతా అతను టంకం. ఇన్నేళ్లుగా తీగలు అతికిన మనిషికి ఆ పేరే అతుక్కుపోయింది. చూపుడువేలి కొస కాలి కాలి నున్నగా తయారైంది. మెడ ముందుకు వంగిపోయింది. నిటారుగా నిలబడ్డా బల్ల మీదికి వంగి ఏదో వెతుకుతున్నట్టే ఉంటాడు.

ఒకప్పుడు టీవీలు బాగుచేసే సొంత కొట్టు ఉండేది. టీవీలు పలచబడి గోడలకెక్కాక, జనం పాడైనవాటిని పారేసి కొత్తవి కొనడం మొదలుపెట్టారు. అప్పటినుంచి కార్ల సీట్లకు కవర్లు కుట్టే దుకాణంలో, రెక్సిన్ చుట్టల వెనక ఒక మూల అతనిది. హారన్లు, స్పీకర్లు, లైట్లు బిగిస్తాడు. పని లేని రోజు కుట్టుమిషన్ల మోటార్లు విప్పి తుడుస్తాడు. ఎవరితోనూ పేచీ లేదు. పెళ్లి మాట వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక టీవీ విప్పుకుని కూర్చున్నాడు. కొన్నాళ్లకు ఆ మాటే రావడం మానేసింది.

ఈ రోజు బల్ల మీద హారన్లు లేవు. మూతపడిన ఒక బట్టల షాపు నుంచి తెచ్చిన బూడిదరంగు పెట్టె ఉంది. దానితోపాటు వచ్చిన నాలుగు కెమెరాలు ఉన్నాయి. అరచేతి వెడల్పు తెర ఉన్న పాతకాలపు బుల్లి టీవీ ఉంది. నాలుగు కెమెరాల బొమ్మలను ఒకే తెర మీద నాలుగు గడుల్లో చూపించడం ఆ పెట్టె పని. చీరల దొంగలను కనిపెట్టడానికి పుట్టిన ఆ సరంజామా అంతా సాయంత్రానికల్లా బావ కారులోకి ఎక్కాలి.

ఎందుకంటే బావ మెడ తిరగదు.

బావ అద్దెకారు నడుపుతాడు. మెడలో ఎముకలు ఒకదానికొకటి కలిసిపోయాయని డాక్టరు చెప్పాడు. పక్కకు చూడాలంటే బీరువాను జరిపినట్టు నడుముతో సహా తిరగాలి. కారు నడుపుతూ అలా తిరిగే వీలుండదు. పోయిన నెల ఎవరిదో గేటు స్తంభం తగిలింది. మొన్న పక్కింటి గోడ తగిలింది. "తమ్ముడి మెడ లేవదు, మొగుడి మెడ తిరగదు. ఇద్దరివీ కలిపినా ఒక మెడ కాదు" అని అక్క నవ్వుతుండేది. గోడ తగిలిన రోజునుంచి ఆ నవ్వు ఆగిపోయింది.

మధ్యాహ్నం ఆవిడే క్యారియర్ పట్టుకుని దుకాణానికి వచ్చింది. ఓనరు భోజనానికి లేచేదాకా రెక్సిన్ రంగులు చూస్తున్నట్టు నటించింది. అతను గుమ్మం దాటగానే తమ్ముడి బల్ల దగ్గరికి వచ్చేసింది.

"అయిపోవచ్చిందా?"

"సాయంత్రానికి అయిపోతుందక్కా."

"అవకూడదు."

టంకం చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది.

"మీ బావ నాతో పందెం వేశారు. ఈ సాయంత్రం నీ టీవీ చూసుకుంటూ మన సందులోకి కారు వెనక్కి తెస్తారట. గోడకి గీత పడిందా, తాళం నాకిచ్చేసి ఇంట్లో కూర్చుంటారట. పడలేదా, నేను జన్మలో మళ్లీ ఆ మాట ఎత్తకూడదట. నేను సరేనన్నాను."

"మరింకేం?"

"మరింకేం అంటావేమిట్రా! నువ్వు చేస్తే అది పనిచేసి చస్తుంది కదా, అదే నా భయం. స్తంభాలయ్యాయి, గోడలయ్యాయి. ఇక తగలాల్సింది మనిషే." ఆవిడ గొంతు తగ్గించింది. "కారు ఇంకో డ్రైవరుకిచ్చినా మన ఇల్లు గడుస్తుంది. ఒక్క తీగ వదులుగా పెట్టు. సందులో నేనుంటాను, పిల్లిని కూడా రానివ్వను. తగిలితే గోడే కదా."

"అక్కా, బావ అడిగి మరీ..."

"నిన్ను చంకనేసుకుని పెంచాను. నోరు తెరిచి ఎప్పుడైనా ఏమైనా అడిగానా?"

"మొన్న మిక్సీ అడిగావు."

"అది బాగుచేయమన్నాను. ఇది చెడగొట్టమంటున్నాను. ఏది తేలికో నువ్వే చెప్పు."

క్యారియర్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

టంకం అన్నం తిన్నాడు. ఏం తిన్నాడో గుర్తులేదు. నాన్న తర్వాత అమ్మ కూడా పోయేనాటికి అతను నిక్కర్లు వేసుకునే పిల్లాడు. కొత్తగా పెళ్లయిన అక్క అతని చెయ్యి పట్టుకుని అత్తింటి గుమ్మంలో నిలబడితే, లోపలున్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బావ మాత్రం అతని నెత్తి మీద చెయ్యివేసి, "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. అంతే, అతనికి ఇల్లు దొరికింది. కారులో ఎక్కినవాళ్ల చెడిపోయిన రేడియోలు అడిగి తెచ్చి ముందు పడేసిందీ ఆ బావే. ఇన్నాళ్లకు ఆ మనిషి ఒక పని అడిగాడు. ఆ పనినే చెడగొట్టమని అక్క అడిగింది.

చేతులు కడుక్కుని మళ్లీ కూర్చున్నాడు.

ముందు తేలాల్సిన చిక్కు ఇంకోటి ఉంది. వెనక్కి తిప్పి పెట్టిన కెమెరాలో కారు కుడిపక్క గోడ తెర మీద ఎడమన కనిపిస్తుంది. అద్దంలో అలా కాదు, కుడిది కుడివైపే ఉంటుంది. బావ చేతులు ఒక జీవితకాలం అద్దానికి అలవాటుపడ్డాయి. నిన్న ఒక కెమెరా ఊరికే కట్టి పరీక్షించినప్పుడు, బావ తెర చూసి స్టీరింగ్ తిప్పితే కారు ఎదురుదిక్కుకు పోయి దుకాణం ముందున్న నీళ్లడ్రమ్మును దొర్లించింది. ఓనరు ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది.

టంకం టీవీ వెనక మూత విప్పాడు. గాజుగొట్టంలో కరెంటు దాక్కుని ఉంటుంది, తీగ తీసేసినా కొడుతుంది. ముందు ఆ కరెంటును ఒక తీగతో నేలలోకి దింపాడు. తర్వాత గొట్టం వెనకభాగానికి చుట్టి ఉన్న రాగితీగ చుట్టలోంచి రెండు కొసలు ఊడదీసి, దీని చోట దాన్నీ దాని చోట దీన్నీ అతికాడు. స్విచ్చి వేశాడు. బొమ్మంతా కుడి ఎడమై అద్దంలా తిరిగింది. పనిలో పనిగా గడులు కూడా తారుమారయ్యాయి. ఎడమపక్క చూపాల్సిన గడి కుడికి పోయింది. ఆ తీగలు కూడా మార్చాడు. వెనకది, కుడిది, ఎడమది, మూడూ చక్కగా కుదిరాయి.

ముందుకు చూసే కెమెరా ఒక్కటే కుదరలేదు. అందులో ఎదురు షాపు బోర్డు మీది అక్షరాలు తిరగబడి కనిపించాయి. ముందు చూడటానికి బావకి కారు ముందద్దం ఉంది, కళ్లున్నాయి. ఆ కెమెరా పీకి పక్కన పెట్టాడు.

ఇక మిగిలింది కారు బ్యాటరీ నుంచి పెట్టెకు వెళ్లే తీగ. ఇంజన్ ఆన్ చేస్తే తెర మీద గీతలు పరిగెత్తకుండా మధ్యలో ఒక కాయిల్ వేశాడు. ఇప్పుడు కొస అతకాలి.

అక్క అడిగింది ఇక్కడే చెయ్యొచ్చు. కాక చాలకుండా అతికితే పైకి ముత్యంలా మెరుస్తుంది, రెండు కుదుపులకు లోపల వదిలేస్తుంది. ఎంత వెతికినా దొరకదు. అలాంటి అతుకులను పట్టుకోవడమే ఇన్నాళ్ల అతని బతుకు.

కావాలని అలాంటిది ఒకటి వేశాడు. వేసి, లేచి, టీ తాగడానికి వెళ్లాడు.

గ్లాసు సగంలో ఉండగా తెర ఆరిపోవడం కళ్ల ముందు కనిపించింది. సందులో కాదు. సందుకు ముందు రోడ్డుంది, బడి ఉంది. ఏ కుదుపుకు ఊడుతుందో అతుకు అక్కను అడగదు. టంకం మిగతా టీ పారబోసి వచ్చి, ఆ అతుకును కరిగించి మళ్లీ వేశాడు. పట్టుకుని లాగి చూశాడు. కారు కదిలినా అది కదలదు.

అక్కకు ఏం చెప్పాలో తెలియలేదు. తర్వాత పక్కన పడేసిన నాలుగో కెమెరా తీసుకుని, బావ దుకాణం ముందు వదిలి వెళ్లిన కారు దగ్గరికి నడిచాడు. మూడు కెమెరాలను కారు బయట, టీవీని స్టీరింగ్ పక్కన బిగించాడు. ఆ కెమెరాను సరిగ్గా దాని కిందే పెట్టి, డ్రైవరు సీటు వైపు తిప్పాడు.

ఎండ తగ్గాక బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన జుట్టు. పందానికి తయారై వచ్చాడు.

"ఏరా బావమరిదీ, నా కళ్లు రెడీనా?"

"రెడీ బావా."

బావ సీట్లో కూర్చుని తెర వైపు చూశాడు. "ఇది వెనక. ఇది కుడి. ఇది ఎడమ. బాగుందిరా! మరి ఈ ముసలాడెవడు?"

"నువ్వే."

"నన్ను నేను చూసుకోవడం దేనికి? మీ అక్క రోజూ చూసి తిట్టిపోస్తూనే ఉందిగా."

"ఒకటి మిగిలింది బావా. గడి ఖాళీగా ఉంటే బాగుండదని."

"ఉండనీలే. జుట్టు చెదిరితే తెలుస్తుంది."

టంకం పక్కసీట్లో కూర్చున్నాడు. కారు కదిలింది. బావ పెద్దరోడ్డెక్కాడు. బస్సు పక్కనుంచి వస్తే కుడి గడిలో చూశాడు, స్కూటరు దూరితే ఎడమ గడిలో చూశాడు. మెడ తిప్పాల్సిన అవసరమే రాలేదు. చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "వెనక వస్తున్నవాడి మీసం కూడా కనిపిస్తోందిరా! మీ అక్క నోటికి ఈ రాత్రి తాళమే."

బడి మలుపులో ఒక తోపుడుబండి అడ్డంగా వచ్చింది. మీద అట్టపెట్టెలు గోపురంలా పేర్చి ఉన్నాయి.

"బావా!"

బ్రేకు పడింది. కారు బండికి బెత్తెడు దూరంలో ఆగింది. బండివాడు బానెట్ మీద చేత్తో చరిచాడు. "ఎదురుగా ఇంత బండి ఉంటే కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా?"

మామూలుగా అయితే బావ తల బయటపెట్టి రెండింతలు అప్పజెప్పేవాడు. ఇప్పుడు కిటికీ అద్దం కూడా దించలేదు. బండివాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. బావ మళ్లీ గేరు వేసి నెమ్మదిగా పోనిచ్చాడు. కాసేపటికి అన్నాడు:

"నేను ఎప్పుడు చూసినా వీడు నన్నే చూస్తున్నాడేంట్రా?"

"ఎవరు?"

"ఈ నాలుగో గడిలో వాడు."

"నువ్వు తెర వైపు చూసినప్పుడే కదా బావా, వాడు కనిపించేది. అప్పుడు వాడి కళ్లు కూడా ఇటే ఉంటాయి."

"మరి ఆ టైములో రోడ్డెవడు చూస్తున్నట్టు?"

మిగిలిన దారంతా కారు అంత్యక్రియల వెంట వెళ్లేదానిలా పాకింది. వెనకనుంచి హారన్లు మోగుతూనే ఉన్నాయి.

సందు చివర అక్క నిలబడి ఉంది. చీరకొంగు నడుముకు దోపుకుంది. దారిలో ఉన్న సైకిళ్లూ కుండీలూ అన్నీ తీయించేసింది. బావ కారును సందు మొదట్లో సరిచేసి, రివర్సు వేశాడు. రెండువైపులా గోడలకూ కారుకూ మధ్య చెయ్యి పడితే చాలు. బావ చేతులు స్టీరింగ్ మీద పిండి పిసుకుతున్నట్టు మెత్తగా కదిలాయి. కుడి గడిలో గోడ జారిపోయింది. ఎడమ గడిలో గోడ జారిపోయింది. వెనక గడిలో అక్క చీర దగ్గరవుతూ, దగ్గరవుతూ వచ్చి ఆగింది. ఇంటి ముందు సందు కాస్త వెడల్పయ్యే చోట ఇంజన్ ఆగింది.

అక్క చుట్టూ తిరిగి ముందుకొచ్చింది. భర్త వైపు చూడలేదు. కారద్దంలోంచి తమ్ముణ్ణి చూసింది. ఆ చూపు తట్టుకోలేక టంకం తల ఇంకాస్త వంచాడు.

బావ దిగాడు. ఒళ్లంతా తిప్పి అటు గోడ చూశాడు, మళ్లీ ఒళ్లంతా తిప్పి ఇటు గోడ చూశాడు. అరచేత్తో తడిమాడు.

"గీతుందా?"

"లేదు," అంది అక్క. "గెలిచారు. ఇక ఎత్తను. అన్నం వడ్డిస్తాను రండి."

"ఆగు. చెయ్యి పట్టు."

తాళంచెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"ఇదేమిటండీ! మీరే కదా గెలిచింది?"

"గెలిచాను. గెలిచినవాడి ఇష్టం." బావ మొహం తుడుచుకున్నాడు. "నీ తమ్ముడు నాలుగు సినిమాలు ఒకేసారి వేశాడు. మూడు బ్రహ్మాండం. నాలుగోదాంట్లో హీరో ముసలాడు, పైగా రోడ్డు చూడట్లేదు. రేపు ఎవరైనా మంచి కుర్రాణ్ణి డ్రైవరుగా చూద్దాం."

మెల్లగా మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయాడు. అక్క కారు కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏం చేశావురా?"

"ఏమీ చెడగొట్టలేదక్కా."

ఆవిడ ఇంకేదో అడగబోయి, తాళంచెవి గుప్పిట్లో బిగించి, భర్త వెనకే వెళ్లింది. లోపల పంపు తిప్పిన చప్పుడు, కాళ్లు కడుక్కుంటున్న చప్పుడు వినిపించాయి.

టంకం పక్కసీట్లోంచే చెయ్యి చాపి స్విచ్చి ఆపాడు. టీవీ తీగ విప్పడానికి కిందికి వంగితే చేతికి ఏదో మెత్తగా తగిలింది. బావ ఎప్పుడూ కారు వట్టికాళ్లతోనే నడిపేవాడు, బ్రేకు కాలికి తెలియాలని. దిగేటప్పుడు తొడుక్కుని దిగేవాడు. ఈ రోజు అలాగే దిగి వెళ్లిపోయాడు.

సీటు కింద తోలు చెప్పులు జతగా ఉన్నాయి, మడమలు లోపలికి, ముందుకొసలు బయటికి, కాళ్లు దించితే చాలు దూరిపోయేటట్టు.