చల్లటి వాపు

ఆ ఏడాది, 1984 చలికాలంలో, ద్వాలి మెడకు ఎడమపక్క నిమ్మకాయంత వాపు లేచింది. ఆమె మొగుడు గోప్యా పెద్దగా పట్టించుకోలేదు. అది సలపలేదు, కాలలేదు. నొక్కితే మెత్తగా, చల్లగా ఉండేది. టేకులపల్లి అడవి అంచున ఉన్న ఆ తండాలో నొప్పిలేని దాన్ని జబ్బని ఎవరూ అనరు. పక్కకు చూడాలంటే ద్వాలి మనిషంతా తిరిగేది. దొరసాని వాలకం వచ్చిందని గోప్యా ఆటపట్టించేవాడు. సాయంత్రం తగిలే జ్వరాన్ని కూడా ఆ నవ్వుల్లో కలిపేశాడు, పాపం.

వాపు జామకాయంత అయ్యాక ఖమ్మం తీసుకెళ్లాడు. ఎముకల డాక్టరు వెంకటరామారావు దాన్ని తడిమి, మీద చెయ్యి ఆనించి వేడి చూశాడు.

"వేడి లేదు సార్. మంచిదే గద?" అన్నాడు గోప్యా.

"వేడి లేకపోవడమే నాకు భయంగా ఉందయ్యా."

సూదితో చీము లాగి పరీక్షకు పంపారు. ఎక్స్‌రేలో మెడ ఎముకలు రెండు చెదలు తిన్న వాసాల్లా కనిపించాయి. ద్వాలికి లోపల మెడపట్టీ కడుతుండగా డాక్టరు గోప్యాను పక్కకు పిలిచాడు.

"టీబీ. వెన్నుపూసకు పట్టింది. అక్కడి చీమే ఇలా వేడి లేని వాపై తేలింది. ఏడాదిన్నర మందులు మానకూడదు, పట్టీ తియ్యకూడదు. నెత్తిన బరువు పెట్టిందంటే ఎముక కూలి నరాలు నలుగుతాయి. కాళ్లూ చేతులూ మొద్దుబారి పడిపోతాయి."

ద్వాలి బెదిరిపోతుందని గోప్యా ఆ చివరి మాట ఆమెకు చెప్పలేదు. బరువు ఎత్తొద్దన్నాడని మాత్రం చెప్పి, నీళ్లు తానే మోశాడు. బావి దగ్గర ఆడవాళ్లు నవ్వితే నవ్వనిచ్చాడు.

మందులు పనిచేశాయి. అదే కొంప ముంచింది. ఎండాకాలానికి వాపు కరిగింది, జ్వరం పోయింది, ద్వాలి అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. ఒక మధ్యాహ్నం బీడీల తునికాకు కోసి వచ్చిన గోప్యాకు వాకిట్లో నిండు బిందెలు కనిపించాయి. మెడపట్టీ దండెం మీద ఉంది.

"నీళ్లెవరు తెచ్చిండ్రు?"

"నేనే. వాపు పోయింది గద. ఎన్నాళ్లని నీతోని మోపియ్యాలె?"

"నొప్పేమన్న ఉందా?"

"ఏం లేదు, మంచిగనే ఉన్న."

గోప్యా చూపు ఆమె కాళ్ల మీద పడింది. ఒక కాలికే చెప్పు ఉంది.

"ఇంకో చెప్పేది?"

"కాలికే ఉంది గద," అంది ద్వాలి, కిందికి చూడకుండానే.

గోప్యా కింద కూలబడి ఆ కాలు పట్టుకున్నాడు. మడమలో తుమ్మముల్లు దిగి నెత్తురు కారుతోంది. ముల్లు లాగాడు. ద్వాలి కాలు వెనక్కి తీసుకోలేదు.

"కింద కూసోని ఏం జేస్తున్నవ్?" అంది.