నాంచారమ్మ వేలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వసారాలో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్న నాయనమ్మ నాంచారమ్మ, కళ్ళం నుంచి అప్పుడే వచ్చిన నాన్న రంగయ్య, గుంటూరు ఆస్పత్రికి వెళ్ళడానికి సంచిలో బట్టలు కుక్కుతున్న అమ్మ మాధవీలత, గొంతు వాచి గోడకు ఆనుకుని కూర్చున్న శ్రీరమ్య. వీధిలో సుభానీ, అతని భార్య కౌసర్ గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళే లారీ బండిలోకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎక్కిస్తున్నారు.

శ్రీరమ్యకు టాన్సిల్స్ వాయడం కొత్త కాదు. వాచినప్పుడల్లా డాక్టరు మాత్రలు ఇచ్చేవాడు. జ్వరం తగ్గగానే "ఇంక చాల్లే, వేడి చేస్తయి" అంటూ మిగిలినవి నాయనమ్మ పెంటకుప్పలో పోసేది. మళ్ళీ వాచేవి. ఈసారి చీము పట్టింది. ఉమ్మి కూడా మింగలేకపోతే క్షణం ఆగకుండా తీసుకురండి, ఊపిరాడక పోతుందని డాక్టరు ఫోన్లో చెప్పాడు. పొద్దుటి నుంచి శ్రీరమ్య ఉమ్మి పరికిణీ మీదే కారుతోంది.

"గుంటూరూ లేదు, గోంగూరా లేదు. కొండనాలుక జారింది, ఎత్తితే పోద్ది. ఒరేయ్ రంగా, కాళ్ళు పట్టుకోరా!"

ఊళ్ళో ఎవరి గొంతు వాచినా వేలు పెట్టి నొక్కేది నాయనమ్మే.

"వద్దత్తయ్యా, మీకు దణ్ణం పెడతా!"

నాన్న పిల్లను పడేసి తొడల మీద మోకాలు మోపాడు. నాయనమ్మ చెంబెడు నీళ్ళతో చేతులు కడిగి, వేలు ఉప్పులోనూ పసుపులోనూ అద్దింది. తొడిమలు తీసిన చేతి మంట నీళ్ళకు పోతుందా? నడినెత్తి జుట్టు ఒడిసిపట్టి గుంజి, ఆ వేలే గొంతులోకి దూర్చి నొక్కింది.

గొంతులో నిప్పు పోసినట్టయింది. కేక బయటికి రాలేదు. పెద్దవాళ్ళ ముందు నోరెత్తి ఎరగని పిల్ల, పళ్ళు బిగించింది. ఎముక తగిలేదాకా వదల్లేదు.

"చంపిందిరోయ్! నీ కూతురు నా వేలు కొరికేసిందిరా!"

నాన్న శ్రీరమ్యను జడ పట్టి లేపి గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి కారింది. మళ్ళీ చెయ్యెత్తేసరికి అమ్మ రోకలి ఆ మణికట్టు మీద పడింది. పటుక్కుమన్న చప్పుడు అందరికీ వినిపించింది.

"దాని మీద ఇంకోసారి చెయ్యెత్తి చూడు, తల పగులుద్ది!"

మొగుణ్ణి ఎన్నడూ 'నువ్వు' అనని మనిషి.

అమ్మ కూతుర్ని ఈడ్చుకుంటూ పరిగెత్తి, బండి ముందు సీట్లోకి తోసింది. "కౌసరక్కా, ఆస్పత్రికి! ఎక్కడా ఆపొద్దు!"

నువ్వూ రా అన్నట్టు శ్రీరమ్య అమ్మ కొంగు పట్టుకుంది. అప్పటికే నాన్న మంచి చెయ్యి వెనకనుంచి అమ్మ మెడ మీద పడింది. అమ్మ ఆయన వైపు చూడనుకూడా లేదు. కూతురి వేళ్ళలోంచి కొంగు గుంజుకుని, బలంగా తలుపు వేసేసింది.