మూత బిగిసిన కొండ

అన్నయ్యా నేనూ ఒకే అగ్నిపర్వతాన్ని కనిపెట్టుకుని ఉంటాం. పైనుంచి వచ్చే వాయువుల్ని కొలవడం నా పని. కొండ ఒళ్లు ఉబ్బుతోందో లేదో చూడడం ఆయన పని. వాయువు తగ్గి, ఉబ్బు లేకపోతే కొండ చల్లబడుతున్నట్టు. వాయువు తగ్గినా ఉబ్బు పెరిగితే మాత్రం లోపలి దారి పూడుకుపోయి, మూత బిగిసినట్టే. ఎవరి కొలత వాళ్లది, ఒకరి మాట ఒకరు నమ్మడమే మా పద్ధతి.

మొన్న వాయువు బాగా తగ్గింది. ఉబ్బేమీ లేదని, ఆ కబురు నేనే చెబితే జనం నమ్ముతారని అన్నయ్య అన్నాడు. పొంగిపోయాను, పిచ్చిదాన్ని. కొండకింది జనాన్ని తరలించి ఉంచిన శిబిరంలో మైకు పట్టుకుని అందరినీ ఇళ్లకు వెళ్లమన్నాను. కొండకింద వీధిలో ఉండే మా అత్తయ్య అందరికన్నా ముందు మూట సర్దుకుంది.

ఈ ఉదయం వదినకి గిన్నె తిరిగిచ్చేద్దామని వెళితే ఇంటికి తాళం. మొన్ననే, నేను మైకు పట్టుకున్న రోజే, పిల్లల్నీ కుక్కనీ తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయిందని పక్కింటావిడ చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా ఆఫీసుకెళ్లి అన్నయ్య తెర చూశాను. ఉబ్బు గీత పైపైకి పోతోంది.

పక్కనే ఉన్న అన్నయ్యని నిలదీశాను. పర్యాటకుల సీజను అయ్యేదాకా ఓపిక పట్టమని పైవాళ్లు అన్నారట. సైరన్ మోగించడానికీ వాళ్ల అనుమతి కావాలట.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మైకు పట్టుకునేదానివా? నీకు అబద్ధమాడడం రాదు.”

చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగిన అన్నయ్య, నా గొంతుతోనే నావాళ్ల గొంతు కోశాడు.

అత్తయ్య ఇంటికి పరుగెత్తాను. లావా అయితే మెల్లగా వస్తుంది, తప్పుకోవచ్చు. మూత ఎగిరితే మండే బూడిదా వాయువులూ కలిసి కొండ దిగుతాయి, అప్పుడు కారెక్కినా తప్పించుకోలేం, ఇప్పుడే వెళ్లిపోదామని బతిమాలాను. ఇరుగుపొరుగు గుమ్మంలో గుమిగూడారు.

“అన్నయ్య నన్ను మోసం చేశాడు అత్తయ్యా. మొన్న నేను చెప్పింది తప్పు.”

అత్తయ్య నా మొహంకేసి జాలిగా చూసింది. తోడబుట్టినవాడు అలా చేస్తాడా అంది. పనెక్కువై నాకు నిద్ర చాలడం లేదంది.

“నువ్వు తప్పు చెప్పవమ్మా. నీ మాట మీదే కదా మేమంతా వచ్చాం. కూర్చో.”

గుమ్మంలో ఉన్నవాళ్లు తలలూపి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. అత్తయ్య పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టింది, ఇద్దరికి.