ఎడమ నుంచి మూడో పాప

కజితాని షూజి కంటినిండా నిద్రపోయి మూడేళ్ళయింది. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మేస్త్రీలకి పైవాడు. నగోయా నగరంలో ఏ మూల లిఫ్టు ఆగిపోయినా మోగేది అతని ఫోనే. పొద్దున్న కూతురు లేవకముందే ఇల్లు వదులుతాడు, అది పడుకున్నాక చేరతాడు. ఆదివారం అది ఆడుకుంటుంటే అతను పడుకుంటాడు. అలాంటి మనిషికి కూడా ఓపిక మిగిలిన పని ఒకటుంది. అది కెమెరాల మార్కులు చదవడం.

కెమెరా లోపల వెలుతుర్ని పట్టుకునే బిళ్ళ ఒకటుంటుంది, సెన్సర్ అంటారు. ప్రపంచంలో ఉన్న సెన్సర్లన్నిటికీ పరీక్షలు పెట్టి వందకి ఇన్నని మార్కులు వేసేవాళ్ళు ఎక్కడో పరాయిదేశంలో కూర్చున్నారు. చీకట్లో ఎంత, రంగుల్లో ఎంత, నీడల్లో ఎంత అని విడివిడిగా కూడా వేస్తారు. షూజి రైల్లో పట్టీ పట్టుకుని వేలాడుతూ, సగం కళ్ళు మూతపడుతూ, ఆ పట్టికలే చదివేవాడు. అతని పాత కెమెరాకి ఎనభై రెండు వచ్చాయి. నాలుగేళ్ళపాటు బ్రహ్మాండంగా ఉన్న కెమెరా, ఆ అంకె చూసిన రోజు నుంచి అతనికి పనికిరానిదైపోయింది.

వేసవి బోనస్ రాగానే తొంభై ఏడు మార్కులదాన్ని తెచ్చాడు. అప్పటికి భార్య చిహారుకి ఏడో నెల.

"తొంభై నాలుగుది చాలా తేలికన్నావుగా, అదెందుకు తేలేదు?" అని అడిగింది, కాళ్ళు దిండు మీద పెట్టుకుని.

"తొంభై ఏడుది ఉండగా తొంభై నాలుగుది ఎవరైనా తెస్తారా?"

"నాకు లెక్కల్లో అరవై ఎప్పుడూ దాటలేదు, నువ్వే చెప్పు. ఆ మూడు మార్కులు తక్కువైతే సుజు మొహంలో ఏ ముక్క రాదు? ముక్కా, చెవా?"

షూజి నవ్వలేదు. నీడల్లో వివరం గురించి పావుగంట చెప్పాడు. చిహారు మధ్యలోనే నిద్రపోయింది.

అక్టోబరు రెండో శనివారం సుజు చదివే పిల్లల బడిలో ఆటల పండుగ. ఆరేళ్ళ పిల్లలకి అక్కడ అదే ఆఖరిది, ఏప్రిల్‌లో పెద్ద బడికి వెళ్ళిపోతారు. జరీ కుచ్చులు పట్టుకుని చేసే డాన్సుని సుజు నెలరోజులుగా వంటింట్లో, స్నానాల గదిలో, అమ్మ పొట్ట ముందు నిలబడి ఆడుతూనే ఉంది. తీరా తమ్ముడుగారు పది రోజులు ముందే, గురువారంనాడు ఊడిపడ్డాడు. మంగళవారం దాకా తల్లినీ బిడ్డనీ ఇంటికి పంపేది లేదన్నారు ఆసుపత్రివాళ్ళు.

"నువ్వు తీసుకొచ్చిందే నేను చూసేది," అంది చిహారు మంచంలోంచి. "పరుగు పందెం పోతే పోయింది. ఆ డాన్సు మాత్రం వదలకు. మళ్ళీ రాదది."

"అందుకే కదా ఆ కెమెరా కొన్నది," అన్నాడు షూజి. అన్నాళ్ళకి ఆ కొనుగోలుకి ఒక అర్థం దొరికినందుకు లోపల సంతోషించాడు కూడా.

శనివారం తెల్లవారుతుండగానే తండ్రులు ముందు చోటు పట్టుకోడానికి చాపలు చంకన పెట్టుకుని బడి గేటు దగ్గర వరస కట్టారు. షూజిది పదిహేనో స్థానం. ముందురోజు రెండు గంటలే నిద్రపోయాడు. జేబులో టీచర్లు పంచిన కాగితం ఉంది. ఏ డాన్సులో ఏ పిల్ల ఎక్కడ నిలబడుతుందో చుక్కలు పెట్టి గీసిన పటం అది. సుజు పేరు పక్కన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు: రెండో వరస, ఎడమ నుంచి మూడు.

డాన్సు ముందు, ఫొటోలు తీసేవాళ్ళకని తాడు కట్టిన చోట యొకోయి పక్కన నిలబడ్డాడు. అతనూ సుజు తరగతిలోని ఒక పిల్లాడి తండ్రే. ఆ బడిలో పెద్దవాళ్ళకి సొంత పేర్లుండవు, పిల్లల పేర్లతోనే పిలుచుకుంటారు.

"సుజు వాళ్ళ నాన్నగారూ, యుద్ధానికి వచ్చినట్టున్నారే," అన్నాడు యొకోయి, పొడుగాటి లెన్సుని ఎగాదిగా చూసి.

"తొంభై ఏడు మార్కులదండీ."

"వందకా? మా ఇంట్లో అన్ని మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు." యొకోయి తన ఫోను చూపించాడు. దాని అద్దం ఒక మూల పగిలి ఉంది. "దీనికి ఎన్నొస్తాయో అడక్కండి, పరువు పోతుంది."

"మరి ఇంత దూరం నుంచి మీవాడు దాంట్లో కనబడతాడా? అందరివీ ఎర్ర టోపీలేగా."

"మావాడా? వాడు కుంటికోడిలా గెంతుతాడండీ. వెతకక్కర్లేదు."

పాట మొదలైంది. అరవైమంది పిల్లలు ఒకే తెల్ల చొక్కా, ఒకే నీలం నిక్కరు, గడ్డం కింద లాస్టిక్కు పెట్టిన ఒకే ఎర్ర టోపీతో పరుగెత్తుకొచ్చి నిలబడ్డారు. షూజి కాగితం చూశాడు, కెమెరా కంటికి ఆనించాడు, రెండో వరసలో ఎడమ నుంచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆ మూడో పాప మీద లెన్సు నిలిపాక ఇంక కదలలేదు.

వెలుతురు చక్కగా ఉంది. టోపీ అంచు నీడలో కూడా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత తేటగా వస్తున్నాయి. చెంపలు తగ్గాయి, మొహం కోలగా అయింది, ఎంత ఎదిగిపోయింది అనుకున్నాడు. నేను ఇంట్లో లేని రోజుల్లోనే ఎదిగింది, ఇంత దగ్గర్నుంచి దీన్ని చూసి ఎన్నాళ్ళయిందో అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి కాసేపు ఫోకసు తెలియలేదు. అయినా వేలు తీయలేదు.

ఒక్కటే చికాకు. వరసలు మారేటప్పుడు పక్కన ఎవరి పిల్లో మాటిమాటికీ ఫొటోలోకి చెయ్యి పెట్టి ఊపుతోంది. ఎవరి కోసమో పాపం, అనుకుని లెన్సు ఇంకా ముందుకి లాగి ఆ పిల్లని తప్పించాడు. పాట అయ్యేసరికి నాలుగు వందల పన్నెండు ఫొటోలు వచ్చాయి. నడుం పట్టేసింది. ఇన్నాళ్ళకి ఒక్క పని సరిగ్గా చేశాననిపించింది.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళారు. సుజు బంగారు కాగితం అతికించిన పతకాన్ని మెడలోంచి తీయనివ్వలేదు. చిహారు పసివాణ్ణి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కెమెరా అందుకుంది. షూజి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చుంటే నిద్రపోతాడని భయం.

"ఆ కనురెప్పలు చూశావా? పెద్దది చేసి చూడు. నీడలో కూడా ఎలా వచ్చాయో."

చిహారు ఒకటి చూసింది, రెండోది చూసింది, గబగబా ఓ ఇరవై తిప్పింది.

సుజు మంచమెక్కి తల దూర్చింది. "ఇది మా తరగతి రింకా," అంది. ఇంకొకటి చూసి "రింకానే," అంది. మరో నాలుగు చూశాక, "అన్నీ రింకావే. ఎంత బాగుందో. నాన్నా, నావేవి?"

షూజికి మొదట అర్థం కాలేదు. జేబులోంచి కాగితం తీసి భార్య ముందు పెట్టాడు. "ఇదుగో, ఎడమ నుంచి మూడు. నేను లెక్కపెట్టే తీశాను."

చిహారు కాగితాన్ని మెల్లగా తలకిందులుగా తిప్పింది. "ఇది టీచరు వేసిన బొమ్మ. ఎడమంటే పిల్లల ఎడమ. మనకి కుడి. ఏటా ఇంతే."

"మరి నాకు చెప్పొద్దూ?"

"చెప్పాలని తోచలేదు షూజీ." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే అతనికి కొంచెం తేలికగా ఉండేది. "ఆ కాగితం ఎక్కడ నిలబడాలో చూసుకోడానికి. నువ్వు దాన్ని చూసి పిల్లని పోల్చుకుంటావని నేననుకోలేదు."

గదిలో పసివాడు మూలిగి మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.

"నేను నీకు చెయ్యి ఊపాను కదా," అంది సుజు. "వరస మారినప్పుడల్లా ఊపాను. నువ్వు అది కంటికి పెట్టుకుని ఉన్నావు, నన్నే చూస్తున్నావనుకున్నా."

షూజి వెళ్ళి కెమెరా తీసుకుని, ఫొటోలు వెనక్కి తిప్పాడు. మూడు వందల చిల్లర దగ్గర ఒక ఫొటోలో రింకా భుజం పక్కన, అంచులో, ఒక చెయ్యి ఉంది. మణికట్టు దాకానే. మిగతాది అతనే కోసేశాడు. చిహారు దాన్ని పెద్దది చేసింది. బొటనవేలు లోపలికి మడిచి, నాలుగు వేళ్ళూ చాపి ఉన్నాయి.

"ఇది మనదే," అంది. "ఇది ఇలాగే ఊపుతుంది, పుట్టినప్పటి నుంచీ."

షూజికి ఆ సంగతి తెలియదు. ఇప్పుడు అరచేతిలో గీతలు కూడా కనబడుతున్నాయి. తొంభై ఏడు మార్కులదానికి ఏ లోటూ లేదు. చిహారు ఆ ఒక్క ఫొటోనే చాలాసేపు చూస్తూ కూర్చుంది. అప్పుడప్పుడు దుప్పటి అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

అతను మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. "నన్ను క్షమించు సుజూ," అన్నాడు. అలసట ఎముకల్లోంచి వస్తున్నట్టుంది.

సుజు మంచం దిగి, తండ్రి ఎదురుగా గొంతు కూర్చుని, అతని మొహం కాసేపు పరీక్షగా చూసింది. తర్వాత తమ్ముణ్ణి జోకొట్టినట్టే అతని తలమీద జోకొట్టింది.

"ఫరవాలేదు నాన్నా. పెద్ద బళ్ళో చొక్కా మీద ఇంత లావు అక్షరాలతో పేరు కుడతారంట. వచ్చే ఏడు నేనెవరో నీకు తెలుస్తుంది."